పదాల లెక్క, అక్షరాల బరువు: ప్రాథమిక తరగతులకు తెలుగు కథాపుస్తకాల ఎంపిక

ప్రస్తావన

తెలుగులో బాలసాహిత్యంపై వచ్చిన పరిశోధన ప్రధానంగా మూడు దారుల్లో సాగింది: చరిత్ర రచన, ప్రక్రియా విభజన, విలువల వివేచన. ఏ పత్రిక ఎప్పుడు పుట్టింది, ఏ రచయిత ఏ ప్రక్రియలో కృషి చేశారు, ఏ కథ ఏ నీతిని బోధిస్తుంది అనే ప్రశ్నలకు ఈ పరిశోధనలో సమాధానాలు దొరుకుతాయి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల ముందున్న ప్రశ్న వేరు. కొన్ని అక్షరాలు గుర్తుపట్టి, గుణింతాల దగ్గర తడబడుతూ, ఒత్తుల దాకా ఇంకా రాని బిడ్డ చేతికి ఏ కథాపుస్తకం ఇవ్వాలి? ఆ పుస్తకం ముగిశాక ఏది ఇవ్వాలి? పుస్తకాల పట్టికలో పేరు, రచయిత, పుటలు, వెల ఉంటాయి. కొన్నింటికి వయసు కూడా ఉంటుంది. ఈ ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు ఉండదు.

పుస్తకాలు పూర్తిగా కరవైన కాలం కాదిది. విద్యాహక్కు చట్టం, 2009 తన షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలని నిర్దేశించింది. సమగ్ర శిక్షా పథకం ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల గ్రంథాలయ నిధిని ప్రతిపాదించింది. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థల తెలుగు పుస్తకాలు అందుబాటులో ఉన్నాయి. 5,000 రూపాయలు చిన్న మొత్తం. ఆ మొత్తంతో కొన్న పుస్తకాలు బిడ్డ స్థాయికి తగినవి కాకపోతే అవి బీరువాలోనే ఉండిపోతాయి. కనుక ఎంపిక అనేది కొనుగోలు వ్యవహారంగా ముగిసేది కాదు. అది ఒక విమర్శన కార్యం. ఆ కార్యానికి కావలసిన కొలతలను తెలుగు భాషా స్వభావం నుంచే రూపొందించుకోవాలని, ప్రస్తుతం వ్యాప్తిలో ఉన్న పదసంఖ్య అనే కొలత తెలుగుకు నప్పదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

వినే బిడ్డకూ చదివే బిడ్డకూ నడుమ

తెలుగులో పిల్లల కోసం వచ్చిన రచనల్ని వాటి పాఠకుల దృష్టితో చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక పాఠశాలల్లో దీర్ఘకాలం చదివించిన గ్రంథం. దాని కథలు పంచతంత్ర సంప్రదాయానివి. భాష మాత్రం గ్రాంథికాన్ని అభ్యసిస్తున్న విద్యార్థికి ఉద్దేశించింది. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ప్రారంభించిన బాల పత్రిక, 1947 జూలైలో మొదలైన చందమామ పిల్లల పఠనానికి కొత్త లోకాన్ని తెరిచాయి. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో చందమామ సాధించిన సరళ కథనశైలి ఆధునిక తెలుగు వచనానికే ఒక మేలు. అయినా ఆ శైలి అందేది అప్పటికే ధారాళంగా చదవగలిగిన పిల్లలకు. చదవలేని పిల్లలు దాన్ని పెద్దలు చదివి వినిపిస్తే విన్నారు. సోవియట్ యూనియన్‌లో ముద్రితమై విశాలాంధ్ర ద్వారా ఇక్కడికి చేరిన రంగుల బొమ్మల పుస్తకాలు కూడా ఎక్కువ ఇళ్ళలో ఇలాగే వినబడి ఉంటాయనుకోవడం అసంగతం కాదు.

అంటే తెలుగు బాలసాహిత్యంలో అధికభాగం ఇద్దరిని ఉద్దేశించింది: వినే బిడ్డ, చదవడం వచ్చిన బిడ్డ. ఈ ఇద్దరి నడుమ మూడో బిడ్డ ఉంది. అక్షరాన్ని ధ్వనిగా, ధ్వనిని మాటగా, మాటను అర్థంగా మార్చుకోవడానికి శ్రమపడుతున్న ఈ బిడ్డను ‘కొత్త పాఠకురాలు’ అనవచ్చు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఉపాధ్యాయులు పనిచేసేది ఈమెతోనే.

ఈమెను తెలుగు పూర్తిగా విస్మరించిందనడం సరికాదు. పంతొమ్మిదో శతాబ్దంలో రూపుదిద్దుకున్న బాలశిక్ష, పెద్ద బాలశిక్ష వాచకాలు అక్షరాలు, గుణింతాలు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, ఆపై చిన్న వాక్యాలు అనే క్రమాన్ని పాటించాయి. ఇది లిపిస్వభావాన్ని గుర్తించిన శ్రేణీకరణ. దాని లోపం వేరేచోట ఉంది. ఆ మాటలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. వాక్యాలు వచ్చేసరికి అవి నీతివాక్యాలు. తరవాత ఏమవుతుందోనన్న ఆసక్తి బిడ్డను పుట తిప్పించే అవకాశం అక్కడ లేదు. నేటి బొమ్మల పుస్తకాల్లో ఆ ఆసక్తి ఉంది, అక్షరక్రమం లేదు. పాత వాచకానికి మెట్లు ఉండి కథ లేకపోగా, కొత్త పుస్తకానికి కథ ఉండి తెలుగు మెట్లు లేవు.

పదసంఖ్య అనే కొలత

కొత్త పుస్తకాలకు మెట్లు అసలే లేవని కాదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదిక కథల్ని నాలుగు స్థాయిలుగా విభజించింది. మొదటి స్థాయికి 250 పదాల లోపు, రెండో స్థాయికి 600 వరకు, మూడో స్థాయికి 1,500 వరకు, నాలుగో స్థాయికి అంతకు మించి అన్నది స్థూలమైన హద్దు. తేలిక మాటలు, పునరుక్తి, వాక్య దైర్ఘ్యం, భావసంక్లిష్టత కూడా ఆ విభజనలో పరిగణనకు వచ్చినవే. ఉపాధ్యాయులకు ఒక దారి చూపిన ప్రయత్నంగా దీని విలువ తక్కువది కాదు. అయితే లెక్కించడానికి వీలైన కొలత పదసంఖ్య ఒక్కటే కావడంతో ఆచరణలో అదే ముందుకు వస్తుంది. బహుభాషా వేదికకు ఒకే కొలత ఉండటం నిర్వహణకు అనుకూలం. తెలుగు పాఠకురాలికి అది ఎంతవరకు అనుకూలమన్నది పరిశీలించాలి.

తెలుగు సంశ్లేషణాత్మక భాష. విభక్తి, కాలం, వ్యతిరేకం, సామర్థ్యం, లింగవచనాలు ఒకే పదంలో చేరతాయి. ఇంగ్లీషు నాలుగు విడి మాటల్లో చెప్పే అర్థాన్ని ‘వెళ్ళలేకపోయాడు’ అనే ఒక్క తెలుగు పదం చెబుతుంది. ‘ఇంట్లోంచి’ అన్నదీ అంతే. కనుక మూలంలోని పదసంఖ్య అనువాదంలో తగ్గుతుంది; ఒక్కొక్క పదం మోసే బరువు పెరుగుతుంది. మూలానికి ఇచ్చిన స్థాయి అనువాదానికీ కొనసాగినప్పుడు ఆ సంఖ్య తెలుగు పుటలోని శ్రమను సూచించదు.

తెలుగు లోపలే పదసంఖ్య నిలకడలేనిది. ‘రాముడు ఎక్కడ ఉన్నాడు’ అని విడదీసి అచ్చు వేస్తే మూడు పదాలు. ‘రాముడెక్కడున్నాడు’ అని సంధి చేస్తే ఒకటి. వాక్యం అదే, అర్థం అదే. లెక్క మాత్రం సంపాదకుల సంధి నియమాన్ని బట్టి మారింది. కొత్త పాఠకురాలికి మొదటి రూపం తేలిక, రెండోది కష్టం. అంటే ఇక్కడ పదాలు తగ్గేకొద్దీ కష్టం పెరిగింది. కష్టంతో పాటు పెరగవలసిన కొలత దానికి ఎదురు దిశలో నడిస్తే, ఆ కొలత ఆ భాషకు తగినది కాదు.

ఉదాహరణ కోసం కూర్చిన రెండు భాగాలను పోల్చవచ్చు.

(అ) ఇది పడవ. పడవ మీద వల. వల మీద ఉడత. ఉడత గబగబ దూకింది. వల ఊగింది. పడవ ఊగింది.

(ఆ) స్నేహితులందరూ నిశ్శబ్దంగా చెట్టుచాటునుంచి పక్షిపిల్లల్ని గమనిస్తున్నారు.

మొదటి భాగంలో 15 పదాలు, రెండోదానిలో 5. పదసంఖ్య ప్రకారం రెండోది మూడోవంతు పని. లిపిపరంగా చూస్తే మొదటి భాగంలో ఒత్తు ఒక్కటీ లేదు. రెండోదానిలో 9 ఉన్నాయి: స్నే, శ్శ, బ్ద, ట్టు, క్షి, ల్ల, ల్ని, స్తు, న్నా. మొదటి భాగంలో పడవ, వల, ఉడత, ఊగింది తిరిగి తిరిగి వస్తాయి. ఒకసారి విప్పుకున్న మాట రెండోసారి చేయూతనిస్తుంది. రెండోదానిలో ప్రతి మాటా కొత్తదే. రెండో తరగతి పిల్ల (ఆ) దగ్గర ఆగిపోతే ఆమెకు చదవడం రాదని నమోదు చేసే ప్రమాదం ఉంది. వాస్తవంలో తప్పు ఆమె పఠనంలో లేదు, పుస్తకం మీది అంకెలో ఉంది.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవడాన్ని లక్ష్యంగా ప్రకటించింది. తెలంగాణ 2022లో చేపట్టిన తొలిమెట్టు కూడా పునాది అక్షరాస్యతను ఉద్దేశించిందే. నిమిషానికి ఇన్ని పదాలు అన్న లెక్క అన్ని భాషలకూ ఒకటిగా పనికిరాదని పరీక్షా నిర్మాతలు కొంతవరకు గ్రహించారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో 20 భాషల్లో జరిగిన ఆధారభూత అభ్యసన అధ్యయనం ధారాళ పఠనానికి భాషవారీ ప్రమాణాలను నిర్ణయించింది. బిడ్డను పరీక్షించేటప్పుడు అంగీకరించిన ఈ సూత్రాన్ని, బిడ్డ చేతికి పుస్తకం ఇచ్చేటప్పుడు కూడా అంగీకరించడం న్యాయం.

ఒత్తు ఉన్నదల్లా కష్టమా

పదసంఖ్యను తోసిపుచ్చి ఒత్తుల సంఖ్యను ప్రమాణం చేసుకుంటే సరిపోతుందా? సరిపోదు. తెలుగు బిడ్డకు అతి దగ్గరి మాటల్ని గమనిస్తే కారణం తెలుస్తుంది: అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, అవ్వ. బంధువాచకాల్లో చాలా వరకు ద్విత్వాక్షరాలే. ఇల్లు, పిల్లి, కుక్క, చెట్టు, అన్నం, పప్పు కూడా అంతే. ఒత్తులన్నీ చివరికి వాయిదా వేసే వాచకం ‘అమ్మ’ను కూడా వాయిదా వేయవలసి వస్తుంది. మరోవైపు అక్షరమాల పటాల్లో కనిపించే ఋషి, ఔషధం వంటి మాటల్లో ఒత్తు లేదు. బిడ్డ వాటిని ఇంట్లో విని ఉండే అవకాశం తక్కువ.

ఇక్కడ ద్విత్వానికీ సంయుక్తానికీ తేడా పాటించడం అవసరం. ద్విత్వం దేశ్యపదాల్లో విస్తారంగా ఉంది. ఒకే హల్లు కింద దాని ఒత్తే రావడంతో బిడ్డ చెవికి తెలిసిన ధ్వని కంటికి సులభంగా పొసగుతుంది. సంయుక్తంలో రెండు వేర్వేరు హల్లులను గుర్తించి కలపాలి. స్నేహం, నిశ్శబ్దం, దృశ్యం, ఆశ్చర్యం వంటి తత్సమాల్లో ఈ శ్రమతో పాటు అపరిచయం కూడా తోడవుతుంది. కనుక తెలుగు శ్రేణీకరణకు ఒక సంఖ్య చాలదు. లిపిభారం, పదపరిచయం అనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ అనుకూలమైన మాటలు మొదటి మెట్టు. లిపి కొంత బరువైనా పరిచయమైన మాటలు రెండో మెట్టు. లిపి తేలికై పరిచయం లేని మాటలకు బొమ్మ ఆసరా కావాలి. రెండూ ప్రతికూలమైనవి పై తరగతులకు, లేదా ఉపాధ్యాయులు చదివి వినిపించే పుస్తకాలకు తగినవి.

క్రియారూపం, అనువాదం

ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో చాలావాటి కథనం వర్తమానకాలంలో సాగుతుంది. దాన్ని యథాతథంగా తెలుగులోకి తెస్తే పుంలింగ, బహువచన రూపాలు ‘దూకుతున్నాడు, చూస్తున్నారు, పరిగెత్తుతున్నారు’ అని బారులు తీరతాయి. తెలుగు కథ సహజంగా భూతకాలంలో నడుస్తుంది: దూకాడు, చూశారు, ఉండేవాడు. ఈ రూపాలు పొట్టివి, లిపిలో తేలిక, కథ వినే అలవాటుకు దగ్గర. అనువాదకులు కాలాన్ని మార్చితే మూలానికి ద్రోహం జరగదు. బిడ్డకు మేలు జరుగుతుంది.

అనుకరణ పదాలు మరో సాధనం. గబగబ, టపటప, జలజల, చిటపట, బిరబిర: వీటిలో ఒత్తు లేదు, పునరుక్తి మాటలోనే ఉంది, ధ్వనే అర్థాన్ని పట్టిస్తుంది. కొత్త పాఠకురాలికి భాష ఇచ్చిన ఈ కానుకను వదిలి, ‘వేగంగా’, ‘శబ్దం చేస్తూ’ అని రాసే అనువాదం ఒకేసారి సొగసునూ సౌలభ్యాన్నీ కోల్పోతుంది. అనువాద విమర్శ మూలవిధేయతతో పాటు ఈ అంశాన్ని కూడా పరిగణిస్తే బాలసాహిత్య అనువాదాల గుణదోషాలు స్పష్టంగా తేలతాయి.

మౌఖిక కథలోని మెట్లు

కథ, అక్షరక్రమం రెండూ ఒకచోట కుదరవన్న అనుమానానికి తెలుగు మౌఖిక సంప్రదాయం సమాధానం చెబుతుంది. ఏడుచేపల కథ అందుకు మంచి ఉదాహరణ. రాజకుమారులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపును చూపుతుంది, గడ్డిమోపు ఆవును చూపుతుంది; ఇలా ఒకరి మీద ఒకరు నెపం పెట్టుకుంటూ పోయి కథ చివరికి చీమ దగ్గర తేలుతుంది. ప్రతి మజిలీలో ప్రశ్న చట్రం మారదు, జవాబు చట్రం మారదు. ఒకటి రెండు మాటలే మారతాయి. మూడో మజిలీకి వచ్చేసరికి బిడ్డ తరవాతి వాక్యాన్ని ముందే ఊహిస్తుంది. ఊహించిన వాక్యాన్ని పుటలో చూసి సరిచూసుకోవడమే ఆ వయసు పఠనంలో ప్రధాన వ్యాపారం.

ఇటువంటి గొలుసుకథల్ని అచ్చులోకి తెచ్చేటప్పుడు పునరుక్తిని దోషంగా భావించి కుదించడం సులభం. ‘అలాగే అందరినీ అడిగారు’ అన్న ఒక్క వాక్యంతో నాలుగు మజిలీలు తేలిపోతాయి. పదసంఖ్య కూడా తగ్గుతుంది. కాని ఆ కుదింపుతో కథలోని మెట్లన్నీ పోతాయి. మౌఖిక కథలో జ్ఞాపకానికి ఆసరాగా ఉన్న పునరుక్తి ముద్రిత కథలో పఠనానికి ఆసరా అవుతుంది. అలంకారశాస్త్రం పునరుక్తిని దోషంగా చెప్పిన సందర్భం వేరు, ఈ సందర్భం వేరు. పొడుపుకథలు, లెక్కల పాటలు, జోలపాటల్ని కూడా ఈ దృష్టితో పరిశీలించాలి. జానపద సాహిత్య పరిశోధకులు సేకరించిన విస్తారమైన సామగ్రి ప్రాథమిక పాఠశాలకు చేరే దారి ఇది.

ఇంటిభాష, పుస్తకభాష

పదపరిచయం అన్నప్పుడు ఎవరి పరిచయం అన్న ప్రశ్న తప్పదు. ‘వెళ్ళాడు’ అన్న రూపం ప్రమాణమై అచ్చులో స్థిరపడింది. తెలంగాణలో బిడ్డ ఇంట్లో వినేది ‘పోయిండు’; రాయలసీమలో ‘పోయినాడు’. ఈ రెండు రూపాలూ ఆయా బిడ్డల చెవికి దగ్గరివి. ఒత్తు లేకపోవడంతో కంటికీ తేలికైనవి. ఒకటో తరగతి కథాపుస్తకం బిడ్డ మాట్లాడే రూపాలతో మొదలై క్రమంగా ప్రమాణరూపాలకు చేరడం ఆత్మగౌరవ దృష్టితోనే కాక పఠనశాస్త్ర దృష్టితోనూ సమర్థనీయం.

తెలుగే రెండో భాష అయిన బిడ్డల విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారుచేసిన సంగతి ఆయన వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో ఒక పేరాగా మిగిలిపోతుంటుంది. నిజానికి రెండూ ఒకే సూత్రం నుంచి పుట్టాయి: చదువు బిడ్డకు తెలిసిన మాట నుంచి మొదలుకావాలి. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. వాచకం తరవాత చదువుకోవడానికి కథాపుస్తకాలు ఉంటేనే అటువంటి ప్రయత్నం నిలుస్తుంది. ఉట్నూరులో, భద్రాచలం మన్యంలో, సీతంపేటలో పనిచేసే ఉపాధ్యాయులకు మైదాన ప్రాంతాల జాబితానే పంపితే, అక్కడి బిడ్డకు లిపిభారం, అపరిచయం రెండూ ఒకేసారి మీద పడతాయి.

ముగింపు

పై చర్చ నుంచి ఎంపికకు ఐదు ప్రశ్నలు తేలుతున్నాయి. పుటలోని మాటల లిపిభారం ఎంత, అందులో ద్విత్వమెంత, సంయుక్తమెంత? ఆ మాటలు ఆ ఊరి బిడ్డకు ఎంతవరకు పరిచయం? వాక్యచట్రం, పదాలు తిరిగి వస్తూ చేయూతనిస్తున్నాయా? సంధులు, క్రియారూపాలు కొత్త పాఠకురాలిని దృష్టిలో పెట్టుకుని కూర్చినవేనా? వీటన్నిటికీ తోడుగా, తరవాతి పుట తిప్పాలనిపించే కథ ఉందా? మొదటి నాలుగు ప్రశ్నలు నెగ్గి చివరిది ఓడిన పుస్తకం పాత బాలశిక్షకు రంగుల ముద్రణ మాత్రమే. చివరిది నెగ్గి మొదటి నాలుగూ ఓడినది మంచి పుస్తకమే కావచ్చు. దాన్ని ఉపాధ్యాయులు చదివి వినిపించాలి, బిడ్డ చేతికిచ్చి పరీక్షించకూడదు.

ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతకవలసిన బాధ్యతను ఉపాధ్యాయుల మీదే వదిలివేయడం న్యాయం కాదు. ఐదు తరగతులకు ఒకరిద్దరే ఉన్న బడిలో ప్రతి పుస్తకాన్నీ అక్షరం అక్షరం తూచే తీరిక ఉండదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేయగల పని ఇక్కడ ఉంది. ప్రాంతాలవారీగా ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు వాడే మాటల పట్టిక, అందుబాటులో ఉన్న కథాపుస్తకాల లిపిభార పరిశీలన, గొలుసుకథల పాఠాంతరాల సేకరణ: మూడూ పిహెచ్.డి. స్థాయికి తగిన అంశాలే. స్టోరీవీవర్ కథలు క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉన్నాయి. మూలకర్తలను పేర్కొంటూ పాఠాన్ని సవరించి తిరిగి ప్రచురించడానికి ఆ అనుమతి వీలిస్తుంది. ఉన్న అనువాదాల్లో సంధులు విడదీసి, క్రియాకాలం మార్చి, పునరుక్తిని పునరుద్ధరించి, తెలుగు మెట్లు కట్టడానికి చట్టపరమైన అడ్డంకి లేదు.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది. రచయితకు గౌరవం లభించడం ఆ మేరకు మంచిదే. ఆ పుస్తకం ఏ తరగతి బిడ్డ స్వయంగా చదవగలదో, ఏ తరగతికి చదివి వినిపించాలో చెప్పే విమర్శ దాని వెంట వచ్చినప్పుడే అది బీరువా దాటి బిడ్డ చేతికి చేరుతుంది.